ఎల్‌డీ50 లేని ఎస్టర్‌కు పక్క పదార్థం అంకె రాసేయొచ్చా?

అడిగిన ప్రశ్న ఇది: "మడికొండ దగ్గర ఒక చిన్న యూనిట్‌లో పని చేస్తున్నాను. కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాను. పురుగుమందుల తయారీలో సాల్వెంట్‌గా వాడేందుకు మేం హెక్సైల్ లాక్టేట్ చేస్తున్నాం. నోటి ద్వారా లోపలికి పోతే ఎంత విషమో చెప్పే టెస్ట్ రిపోర్ట్ దీనికి ఎక్కడా దొరకలేదు. ఇథైల్ లాక్టేట్‌కు మాత్రం ఎల్‌డీ50 '2000 పైన' అని ఉంది. సాఫ్ట్‌వేర్‌లో చూస్తే రెండింటికీ పోలిక స్కోర్ బాగానే వచ్చింది. ఆ అంకెనే మన ఎస్‌డీఎస్‌లో రాసేయమని మా సారు అంటున్నారు. రాయొచ్చా? ఎలుకల మీద టెస్ట్ చేయించే బడ్జెట్ లేదు. కస్టమర్ ఆడిట్ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది."

ముందు రెండు మాటలు. ఎల్‌డీ50 అంటే టెస్ట్ జంతువుల్లో సగాన్ని చంపే మోతాదు, కిలో శరీర బరువుకు ఇన్ని మిల్లీగ్రాములని చెప్తారు; అంకె చిన్నదయ్యేకొద్దీ విషం ఎక్కువ. ఎస్‌డీఎస్ అంటే సరుకుతో పాటు ఇచ్చే భద్రతా సమాచార పత్రం. ఇక సూటిగా చెప్తాను. పోలిక ఉన్న పదార్థాల డేటాతో అంచనా వేయొచ్చు. దీన్ని రీడ్ అక్రాస్ అంటారు, ఇది దొడ్డిదారి కాదు. యూరప్‌లోని రసాయనాల చట్టం రీచ్ 11వ అనుబంధంలో దీనికి స్పష్టంగా చోటు ఇచ్చారు. ఆర్థిక సహకార దేశాల సంస్థ ఓఈసీడీ 2007లో దీని మీద మార్గదర్శకాలు తెచ్చి 2014లో సవరించింది. కానీ ఇథైల్ లాక్టేట్ ఒక్కదాని అంకె తెచ్చి మీ ఎస్టర్‌కు అతికిస్తే మాత్రం కుదరదు. మీ దగ్గరున్న పోలికల్లో అదే అన్నిటికంటే బలహీనమైనది. ఎందుకో, దాని బదులు ఏం చేయాలో వివరంగా రాస్తాను. నాది హన్మకొండ. హైదరాబాద్‌లో టాక్సికాలజీ ల్యాబుల్లోనూ, తర్వాత రిజిస్ట్రేషన్ ఫైళ్లు రాసే పనిలోనూ చాలా ఏళ్లు ఉన్నాను. మీలాంటి ప్రశ్నే చాలామంది అడుగుతారు కాబట్టి కొంచెం పొడవైనా ఓపిగ్గా చదవండి.

ముందు ఆ అంకె ఎక్కడిదాకా పోతుందో చూడండి. ఎస్‌డీఎస్ అంటే ఆడిట్ ఫైల్‌లో పెట్టే కాగితం అనుకుంటాం. కానీ డ్రమ్ములోంచి చిన్న సీసాలోకి ఒంపుకున్న సాల్వెంట్‌ను ఎవరో నీళ్లనుకుని తాగితే, వాళ్లను వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకుపోతారు. అక్కడ డ్యూటీ డాక్టర్ చేతికి దొరికేది ఆ కాగితమే. పత్తి, మిర్చి పండే మన వైపు విషం కేసులు కొత్త కాదు. డాక్టర్ ఎంతసేపు అబ్జర్వేషన్‌లో పెట్టాలి, దేనికోసం చూడాలి అని నిర్ణయించుకునేటప్పుడు మీరు ఆఫీసులో కూర్చుని రాసిన వాక్యం అక్కడ పని చేస్తుంది. అందుకే ఈ విషయంలో నేను పట్టుబట్టి మాట్లాడతాను.

ఇక పోలిక సంగతి. సాఫ్ట్‌వేర్ ఇచ్చే టానిమోటో స్కోర్ రెండు అణువుల బొమ్మల్లో ఎన్ని ముక్కలు ఒకేలా ఉన్నాయో లెక్కపెడుతుంది, అంతే. ఆ అణువు కడుపులోకి పోయాక ఏమవుతుందో దానికి తెలియదు. మిథైల్ పారాథియాన్, ఫెనిట్రోథియాన్ అనే రెండు ఆర్గానోఫాస్ఫేట్ మందులు తీసుకోండి. రెండింటి మధ్య తేడా బెంజీన్ రింగు మీద ఒక్క మిథైల్ గ్రూపు. ఏ సాఫ్ట్‌వేర్ అయినా వీటిని దగ్గరి చుట్టాలనే అంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఎలుకలకు నోటి ద్వారా మిథైల్ పారాథియాన్ ఎల్‌డీ50 కిలో బరువుకు 14 మిల్లీగ్రాములు, ఫెనిట్రోథియాన్‌ది 503. ముప్పై ఐదు రెట్ల తేడా. మన పురుగుమందుల డబ్బాల మీద ఉండే త్రిభుజం లెక్కలో చెప్పాలంటే 50 లోపు ఎరుపు, 500 దాకా పసుపు, 5000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ. ఒక్క మిథైల్‌తో ఎరుపులోంచి నీలంలోకి వచ్చేసింది. ఆ మిథైల్ అడ్డు రావడం వల్ల మన శరీరంలో ఈ మందులు దెబ్బతీసే కోలిన్ ఎస్టరేజ్ ఎంజైమ్‌కు ఫెనిట్రోథియాన్ అంత గట్టిగా అతుక్కోదు, పైగా శరీరం దాన్ని తొందరగా విడగొట్టేస్తుంది. మిథైల్ పారాథియాన్ డేటా లేని రోజుల్లో ఎవరైనా ఫెనిట్రోథియాన్ అంకె చూసి "ఇదీ అంతే" అని రాసి ఉంటే ఏమై ఉండేదో ఊహించండి.

ఎనుమాముల మార్కెట్‌లో చపాటా మిర్చి, తేజ మిర్చి కుప్పలు పక్కపక్కనే ఉంటాయి. రెండూ మిర్చే, రంగు చపాటాదే ఎక్కువ, కారం మాత్రం తేజదే. రంగు చూసి కారం చెప్పేవాడి మాట మన రైతు నమ్మడు. స్కోర్ చూసి విషం చెప్పడమూ అలాంటిదే.

ఇంకో ఉదాహరణ నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అందులో కారణం తేటగా కనిపిస్తుంది. కార్బన్ గొలుసు చివర ఫ్లోరిన్ ఉన్న ఫ్యాటీ ఆమ్లాలు. గొలుసులో కార్బన్లు సరిసంఖ్యలో ఉంటే అవి భయంకరమైన విషం. బేసిసంఖ్యలో ఉంటే విషం చాలా తక్కువ. నాలుగు కార్బన్ల ఫ్లోరోబ్యుటిరిక్ ఆమ్లం ప్రాణం తీస్తుంది, ఐదు కార్బన్లది అంతగా కాదు, ఆరుకు వచ్చేసరికి మళ్లీ విషం. శరీరం ఫ్యాటీ ఆమ్లాలను రెండేసి కార్బన్ల చొప్పున కత్తిరిస్తుంది. సరిసంఖ్య గొలుసు చివరికి ఫ్లోరోఎసిటేట్‌గా మిగులుతుంది. అది ఫ్లోరోసిట్రేట్‌గా మారి, కణాలకు శక్తినిచ్చే సిట్రిక్ ఆమ్ల చక్రాన్ని ఆపేస్తుంది. బేసిసంఖ్య గొలుసు నుంచి ఫ్లోరోఎసిటేట్ రాదు. ఇక్కడ నాలుగుకూ ఆరుకూ మధ్య ఐదు ఉంది కదా అని సగటు తీస్తే పూర్తిగా తప్పుతుంది. అదే, శరీరం ఎక్కడ కత్తిరిస్తుందో తెలిసినవాడు టెస్ట్ చేయకుండానే సరిగ్గా చెప్పగలడు.

రీడ్ అక్రాస్ అంతా ఈ తెలివిడి మీదే నిలబడుతుంది. పదార్థం పేగుల్లోంచి రక్తంలోకి ఎంత పోతుంది? పోయాక ఏ ముక్కలుగా విడిపోతుంది, ఎంత వేగంగా? ఆ ముక్కల్లో హాని చేసేది ఏది, ఏ దారిలో చేస్తుంది? మీ పదార్థానికీ, పోలిక పదార్థానికీ ఈ మూడు జవాబులూ ఒకటే అని చూపించగలిగితే డేటా తెచ్చుకోవచ్చు. చూపించలేకపోతే స్కోర్ ఒకటికి 0.95 వచ్చినా లాభం లేదు.

ఇప్పుడు మీ హెక్సైల్ లాక్టేట్ దగ్గరికి వద్దాం.

లాక్టేట్ ఎస్టర్లు శరీరంలోకి పోగానే పేగు గోడల్లో, కాలేయంలో ఉండే కార్బాక్సిల్ ఎస్టరేజ్ ఎంజైములు వాటిని రెండు ముక్కలు చేస్తాయి. ఒకటి లాక్టిక్ ఆమ్లం, రెండోది ఆల్కహాల్. లాక్టిక్ ఆమ్లం మన కండరాల్లో రోజూ పుట్టేదే, ఈ మోతాదుల్లో దాని గురించి పెద్దగా భయం లేదు. అసలు చూడాల్సింది ఆల్కహాల్ ముక్కను. ఇథైల్ లాక్టేట్ నుంచి వచ్చేది ఇథనాల్. ఎలుకల్లో దాని ఎల్‌డీ50 సుమారు 7000. అంటే ఈ కుటుంబం మొత్తంలో అతి నెమ్మదైన ఆల్కహాల్. మీ ఎస్టర్ నుంచి వచ్చేది హెక్సనాల్. యూరప్ వర్గీకరణలో అది నోటి ద్వారా హానికరం, అంటే కేటగిరీ 4. ఎల్‌డీ50 2000 దాటితే ఈ కేటగిరీలోకి రాదు, ఆ 2000 హద్దు గుర్తుంచుకోండి. పాత రిపోర్టుల్లో దాని ఎల్‌డీ50 విలువలు 720 నుంచి 4000 దాటేదాకా చెల్లాచెదురుగా ఉన్నాయి. మీ సారు చూపించిన పదార్థం బలహీనమైనదని నేనన్నది ఇందుకే. మీ పదార్థంలో ఏ ముక్క గురించి సందేహం ఉందో, ఆ ముక్క ఇథైల్ లాక్టేట్‌లో లేనే లేదు.

మరి ఏది తీసుకోవాలి? బ్యుటైల్ లాక్టేట్, 2-ఇథైల్‌హెక్సైల్ లాక్టేట్. రెండూ వాడుకలో ఉన్న సాల్వెంట్లే. రెండింటికీ ఎలుకల్లో నోటి ద్వారా ఎల్‌డీ50 2000 పైన. మీ పదార్థం ఆరు కార్బన్లది. ఒకవైపు నాలుగు కార్బన్లు, మరోవైపు కొమ్మ ఉన్న ఎనిమిది కార్బన్లు. ఫ్లోరిన్ గొలుసుల్లా కాకుండా అన్నీ ఒకే తీరున విడిపోయే చోట, రెండు గట్ల మధ్య ఉన్నదాని గురించి చెప్పడం, గట్టు అవతలిదాని గురించి చెప్పడం కంటే భద్రం. బ్యుటనాల్ కూడా కేటగిరీ 4 ఆల్కహాలే కాబట్టి, బ్యుటైల్ లాక్టేట్ మీ పదార్థంలోని సందేహాన్ని తనలోనూ మోస్తోంది. అయినా 2000 మోతాదు దగ్గర నిలబడింది. అందుకే దీనికి బరువు ఎక్కువ.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. "అన్నీ 2000 పైన, మాదీ 2000 పైన" అని రాసేస్తారు. ఒక్క అడుగు ముందుకు వేయండి. శరీరానికి మిల్లీగ్రాములతో పని లేదు, అణువుల సంఖ్యతో పని. కాబట్టి ఆ హద్దును మోల్స్‌లోకి మార్చి మీ అణుభారంతో మళ్లీ మిల్లీగ్రాముల్లోకి తేవాలి. హెక్సైల్ లాక్టేట్ అణుభారం 174.2. ఇథైల్ లాక్టేట్‌ది 118.1, బ్యుటైల్‌ది 146.2, 2-ఇథైల్‌హెక్సైల్‌ది 202.3.

బ్యుటైల్ లాక్టేట్ 2000 మిల్లీగ్రాములంటే 13.7 మిల్లీమోల్స్. అన్ని మిల్లీమోల్స్ హెక్సైల్ లాక్టేట్ తూకం వేస్తే సుమారు 2380 మిల్లీగ్రాములు. బాగుంది, 2000 హద్దు దాటింది. 2-ఇథైల్‌హెక్సైల్ లాక్టేట్ 2000 అంటే 9.9 మిల్లీమోల్సే. హెక్సైల్ లాక్టేట్‌లోకి మారిస్తే సుమారు 1720. ఇది 2000 కింద పడింది! అంటే ఎనిమిది కార్బన్ల దాని డేటా మీ పదార్థం 1720 దాకా ప్రాణాంతకం కాదని చెప్పడానికి సాయపడుతుంది కానీ, 2000 దాకా అని చెప్పదు. ఇథైల్ లాక్టేట్‌తో ఇదే లెక్క వేస్తే 2950 వస్తుంది. చూడటానికి అదే అన్నిటికంటే అందమైన అంకె. దాని వెనక అసలు సరుకు మాత్రం లేదు.

హెక్సనాల్ వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. మీ ఎస్టర్ 2000 మిల్లీగ్రాములు పూర్తిగా విడిపోతే సుమారు 1170 మిల్లీగ్రాముల హెక్సనాల్ వస్తుంది. అదంతా ఒక్కసారిగా రక్తంలోకి వస్తే, హెక్సనాల్ పాత రిపోర్టుల్లోని కనిష్ఠ విలువ 720ని దాటినట్టే. కానీ బ్యుటైల్ లాక్టేట్ విషయంలోనూ ఇదే జరగాలి. దాని 2000 మిల్లీగ్రాముల నుంచి సుమారు 1010 మిల్లీగ్రాముల బ్యుటనాల్ వస్తుంది. బ్యుటనాల్ పాత రిపోర్టుల్లో కనిష్ఠ విలువ 790. అయినా బ్యుటైల్ లాక్టేట్ ఎల్‌డీ50 2000 పైనే ఉంది. ఎస్టర్ మెల్లగా విడిపోతూ ఉంటే, వచ్చిన ఆల్కహాల్‌ను కాలేయం ఎప్పటికప్పుడు ఆక్సీకరణం చేసేస్తుంది కాబట్టి రక్తంలో పోగుపడదు. నా దృష్టిలో మీ ఫైల్‌లో గట్టి వాదన ఇదే. అయితే దానికి ఒక రంధ్రం ఉంది. కార్బన్ గొలుసు పెరిగేకొద్దీ ఆల్కహాల్‌కు కొవ్వులో కరిగే గుణం పెరుగుతుంది, దాంతోపాటు మత్తు కలిగించే శక్తీ పెరుగుతుంది. మోల్‌కు మోల్ పోలిస్తే హెక్సనాల్ బ్యుటనాల్ కంటే గట్టిది. మీ ఎస్టర్ బ్యుటైల్ దానికంటే వేగంగా విడిపోతే పైన చెప్పిన వాదన కూలిపోతుంది.

ఆ రంధ్రం పూడ్చడానికి ఎలుక అక్కర్లేదు. కాలేయం ఎస్9 అనే ఎంజైమ్ ద్రావణం బయట కొనుక్కోవచ్చు, ఎలుకదీ దొరుకుతుంది, మనిషిదీ దొరుకుతుంది. 37 డిగ్రీల దగ్గర అందులో మీ ఎస్టర్‌నూ, బ్యుటైల్ లాక్టేట్‌నూ, 2-ఇథైల్‌హెక్సైల్ లాక్టేట్‌నూ ఒకే గాఢతలో వేసి, కొన్ని నిమిషాలకోసారి శాంపిల్ తీసి, విడుదలైన ఆల్కహాల్‌ను జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ) యంత్రంలో కొలవండి. ఎంజైమ్ వేయని కంట్రోల్ ఒకటి, వేడి చేసి చంపిన ఎంజైమ్‌తో ఇంకొకటి తప్పకుండా పెట్టండి. మూడింటి వేగాలు పక్కపక్కన పెట్టి గ్రాఫ్ గీస్తే అది ఎన్ని పేజీల మాటలకైనా సాటి. ఎలుక ప్లాస్మాతో చేసి సరిపెట్టుకోవద్దు. ఎలుక రక్తంలో కార్బాక్సిల్ ఎస్టరేజ్ దండిగా ఉంటుంది, మనిషి ప్లాస్మాలో అది లేదు. కాబట్టి కాలేయం ద్రావణమే వాడండి, రెండు జాతులదీ.

ఫలితం వచ్చాక నేనైతే ఇలా తేలుస్తాను. హెక్సనాల్ విడుదల బ్యుటనాల్ కంటే వేగంగా లేకపోతే "నోటి ద్వారా తీవ్ర విషతీవ్రతకు వర్గీకరణ లేదు" అని రాస్తాను. వేగంగా ఉంటే, లేదా ఆ ప్రయోగం అసలు చేయలేకపోతే, కేటగిరీ 4 అని రాసి మింగితే హానికరం అనే హెచ్చరిక పెడతాను. కేటగిరీ 4 అంటే జీహెచ్ఎస్ అనే అంతర్జాతీయ వర్గీకరణ పద్ధతిలో ఎల్‌డీ50 300 నుంచి 2000 మధ్య; కేటగిరీ అంకె తగ్గేకొద్దీ విషం ఎక్కువ. అమ్మకాలకు అది చావుదెబ్బ ఏమీ కాదని మీ సారుకు చెప్పండి, హెక్సనాల్ కూడా అదే గుర్తుతో అమ్ముడవుతోంది.

శుద్ధత గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. నన్నడిగితే పోలిక కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. పోలిక పదార్థం రిపోర్ట్ 98 శాతం శుద్ధమైన శాంపిల్ మీద వచ్చి ఉంటుంది. మీ డ్రమ్ములో ఉన్నది ఏమిటి? 1976లో పాకిస్తాన్‌లో మలేరియా నివారణకు మలాథియాన్ కొట్టిన కూలీల్లో దాదాపు 2800 మంది జబ్బుపడ్డారు, ఐదుగురు చనిపోయారు. మలాథియాన్ మనుషులకు విషం తక్కువని పేరున్న మందు. ఎందుకంటే మన కార్బాక్సిల్ ఎస్టరేజ్ దాన్ని వెంటనే విడగొట్టేస్తుంది. కానీ ఆ సరుకు నిల్వలో చెడి, అందులో ఐసోమలాథియాన్ అనే మలినం పెరిగింది. ఆ మలినం సరిగ్గా ఆ కాపాడే ఎంజైమ్‌నే అడ్డుకుంది. మందు మారలేదు, కూడా ఉన్న కొద్ది శాతం మలినం కథ మార్చేసింది.

మీ విషయంలో చూడాల్సినవి: మిగిలిపోయిన హెక్సనాల్ ఎంత, నీటిని లాగేయడానికి టోలీన్ వాడితే అది ఎంత మిగిలింది, ఏ ఆమ్లం క్యాటలిస్ట్, దాన్ని తటస్థం చేశారా లేదా, టిన్ క్యాటలిస్ట్ వాడారా. లాక్టిక్ ఆమ్లానికి ఒక ప్రత్యేకమైన గుణం కూడా ఉంది. అది తనతో తనే కలిసి గొలుసు కడుతుంది, కాబట్టి మీ సరుకులో లాక్టైల్ లాక్టేట్ ఎస్టర్లు కొంత ఉండే అవకాశం ఎక్కువ. అవి కూడా చివరికి అవే ముక్కలుగా విడిపోతాయి కాబట్టి భయం లేదు కానీ, ఎంత శాతమో ఫైల్‌లో రాయాలి. కనీసం ఐదు బ్యాచ్‌ల జీసీ రిపోర్టులు తీసి పెట్టుకోండి. బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ హెక్సనాల్ శాతం ఊగిసలాడుతుంటే అన్నిటికంటే ఎక్కువ ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకోండి.

పోలిక పదార్థాల డేటాను కూడా కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఎల్‌డీ50 అనే కొలత 1927లో ట్రెవాన్ తెచ్చింది. అప్పటి నుంచి దశాబ్దాల పాటు ఎవరి పద్ధతిలో వాళ్లు చేశారు. పాత ఓఈసీడీ 401 పద్ధతిని 2002లో తీసేశారు కూడా. అసలు ఈ అంకె రాయి మీద గీత కాదు. ఒకే రసాయనం మీద మళ్లీ మళ్లీ చేసిన ఎలుక టెస్టులను పోల్చి చూసినప్పుడు అదే కేటగిరీ తిరిగి వచ్చే అవకాశం సగటున 60 శాతమే అని తేలింది. అంటే ఎలుక టెస్ట్ చేయించినా మీకు దొరికేది అచ్చమైన నిజం కాదు, ఒక అంచనాయే. అందుకని ఎస్‌డీఎస్‌లో కనిపించే ఒక్క లైను చూసి కాపీ కొట్టకండి. యూరప్ రసాయన సంస్థ వెబ్‌సైట్‌లో ఆ పదార్థం ఫైల్ తెరిచి, ఏ పద్ధతి, ఏ సంవత్సరం, ఎన్ని జంతువులు, ఎన్ని రోజులు గమనించారు, పోస్ట్‌మార్టంలో ఏం కనిపించింది అన్నవి చదవండి. మామూలుగా 14 రోజులు గమనిస్తారు. మూడోరోజుకే ముగించిన పాత రిపోర్ట్ కనిపిస్తే దాన్ని మూల ఆధారంగా పెట్టకండి.

ఎలుకకూ మనిషికీ తేడా ఉన్నచోట ఈ పద్ధతి అంతా పక్కదారి పడుతుంది. మిథనాల్‌కు ఎలుకల్లో ఎల్‌డీ50 5000 పైనే. ఆ అంకె చూస్తే ఇథనాల్‌కు తోబుట్టువులా ఉంటుంది. కానీ మనిషిలో మిథనాల్ నుంచి వచ్చే ఫార్మేట్ పోగుపడి చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. ఎలుక దాన్ని త్వరగా వదిలించుకుంటుంది. అందుకే యూరప్‌లో మిథనాల్‌ను ఎలుక అంకెతో కాకుండా మనుషుల అనుభవంతో కేటగిరీ 3లో పెట్టారు. డైఇథిలీన్ గ్లైకాల్ కథ మీకు తెలిసే ఉంటుంది. ఎలుకల్లో దాని ఎల్‌డీ50 పది వేలు దాటుతుంది, కానీ 1937లో అమెరికాలో ఒక సల్ఫా మందును అందులో కరిగించి అమ్మితే వందమందికి పైగా చనిపోయారు. కలుషితమైన దగ్గు సిరప్‌ల రూపంలో అది ఇప్పటికీ పిల్లల్ని చంపుతూనే ఉంది. లాక్టేట్ ఎస్టర్ల విషయంలో అలాంటి దాగిన దారి ఏదీ కనపడదు. హెక్సనాల్ ఆక్సీకరణమై హెక్సనోయిక్ ఆమ్లంగా, ఆపైన మామూలు ఫ్యాటీ ఆమ్లంలా కరిగిపోతుంది. ఆ మాట ఒక పేరాలో రాయండి. ఇది వెతికి చూశారని పరిశీలకుడికి తెలియాలి.

ఒక హద్దు కూడా గుర్తు పెట్టుకోండి. ఎల్‌డీ50 దగ్గరగా ఉన్నంత మాత్రాన రెండు విషాలు ఒకే రకంగా చంపవు. పారాక్వాట్, డైక్వాట్ కలుపుమందులు ఒకే కుటుంబం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఒకటి 150, ఇంకొకటి 231. కానీ పారాక్వాట్‌ను ఊపిరితిత్తుల కణాలు, పాలిఅమీన్లు అనే సహజ పదార్థాలను తీసుకునే దారిలోనే లోపలికి లాక్కుంటాయి. రోగి మొదట్లో మాట్లాడుతూ, నడుస్తూ ఉంటాడు, ఆ తర్వాత ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. డైక్వాట్ అలా ఊపిరితిత్తుల్లో చేరదు, దెబ్బ ప్రధానంగా కిడ్నీల మీద. పారాక్వాట్ తాగినవాళ్లను చూసిన మన డాక్టర్లకు ఇది పుస్తకంలో చదవాల్సిన సంగతి కాదు. కాబట్టి మీరు తెచ్చుకుంటున్నది ఒక్క తీవ్ర విషతీవ్రత కేటగిరీని మాత్రమే. రోజూ కొద్దికొద్దిగా లోపలికి పోతే ఏమవుతుంది, గర్భిణులకు ఏమవుతుంది అన్నవాటికి వేరే డేటా, వేరే వాదన కావాలి. ఒక్క రీడ్ అక్రాస్‌తో అన్ని కాలమ్‌లూ నింపే ఫైళ్లు చూశాను, అవి ఎక్కడా నిలబడవు.

సాఫ్ట్‌వేర్ పనికిరాదని అనుకోకండి. ఓఈసీడీ క్యూసార్ టూల్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ ఉచితం. పోలిక పదార్థాలు వెతకడానికి, శరీరంలో ఏ ముక్కలు వస్తాయో ఊహించడానికి బాగా పనికొస్తుంది. ఎలుక డేటా ఉన్న సుమారు 12 వేల రసాయనాలతో తయారైన కాట్‌మాస్ అనే మోడల్ కూడా ఉచితమే, ఒపెరా అనే ప్రోగ్రామ్‌లో దొరుకుతుంది. దాంతో మీ అణువుకు ఒక అంచనా తీసి, రీడ్ అక్రాస్ పక్కన రెండో సాక్ష్యంగా పెట్టండి. రెండూ ఒకటే చెప్తే బలం. వేర్వేరుగా చెప్తే ఆ తేడాను దాచకుండా రాయండి. మీ అణువు ఆ మోడల్ పరిధిలో ఉందా లేదా అన్నది కూడా అదే చూపిస్తుంది, ఆ లైను వదిలేయకండి.

రాయడం గురించి చివరిగా. ఎక్కువ పేజీలు అక్కర్లేదు, ఐదారు పేజీలు చాలు. మొదటి పేరాలోనే మీ ఊహ ఏంటో చెప్పండి: ఈ ఎస్టర్లన్నీ లాక్టిక్ ఆమ్లంగా, ఆల్కహాల్‌గా విడిపోతాయి, విషతీవ్రతను నిర్ణయించేది ఆల్కహాల్, దాని వేగం. తర్వాత నాలుగు పదార్థాల పట్టిక: అణుభారం, నీటిలో కరిగే గుణం, ఆక్టనాల్ నీటి విభజన గుణకం (కొవ్వులో, నీటిలో ఎటు ఎక్కువ కరుగుతుందో చెప్పే అంకె), ఎల్‌డీ50, ఎస్9 ఫలితం. ఇథైల్ లాక్టేట్‌ను తీసేయకండి, పట్టికలో ఉంచి, దాన్ని మూల ఆధారంగా ఎందుకు తీసుకోలేదో ఒక వాక్యంలో చెప్పండి. మీకు ప్రతికూలంగా ఉన్న హెక్సనాల్ డేటాను మీరే ముందు పెట్టండి. పరిశీలకుడు దాన్ని వెతికి పట్టుకుంటే మిగతా ఫైల్ మీద కూడా నమ్మకం పోతుంది. యూరప్ సంస్థ 2017లో ప్రచురించిన రీడ్ అక్రాస్ మూల్యాంకన పద్ధతి చదివితే పరిశీలకులు ఏమేం అడుగుతారో తెలుస్తుంది. ఎస్‌డీఎస్ 11వ విభాగంలో మాత్రం అంకె పక్కన "పోలిక పదార్థాల నుంచి అంచనా" అని తప్పకుండా రాయండి. టెస్ట్ చేసినట్టు కనిపించేలా రాస్తే అది అబద్ధం.

ఇవన్నీ చేసినా తేలకపోతే, కస్టమర్ టెస్ట్ రిపోర్టే కావాలంటే, పాత పద్ధతిలో పదుల జంతువులు పెట్టక్కర్లేదు. ఓఈసీడీ 423 పద్ధతిలో అడుగుకు మూడు ఎలుకలే. మీ దగ్గర ఇంత రీడ్ అక్రాస్ ఉంటే నేరుగా 2000 మోతాదు దగ్గర మొదలుపెట్టమని ల్యాబ్‌ను అడగొచ్చు. సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి ల్యాబే తీసుకుంటుంది. ఈ ఫైల్ చూపిస్తే వాళ్లకూ పని తేలిక, చచ్చే జంతువులూ తగ్గుతాయి.

ఒక విషయం మీరు అడగలేదు, అయినా ఇది రేపే చేయండి. మీ షాపు ఫ్లోర్ మీద ప్రమాదం మింగడం కంటే కంటికే ఎక్కువ. ఇథైల్ లాక్టేట్, 2-ఇథైల్‌హెక్సైల్ లాక్టేట్ రెండింటికీ యూరప్ వర్గీకరణలో "కంటికి తీవ్రమైన హాని" అనే గుర్తు ఉంది. నోటి డేటా బాగుందని ఆ సంగతి మరుగున పడుతుంది. మీ ఎస్టర్‌కు వేరే డేటా వచ్చేదాకా అదే గుర్తు పెట్టి, డ్రమ్ములు నింపేచోట ఐవాష్ పెట్టించండి, నింపేవాళ్లకు పక్కలు మూసిన గాగుల్స్ ఇప్పించండి.